ఒక పిడికెడు

చూలైలో మా సందు మలుపు దగ్గర
ముందు అంజలై గొంతు వస్తుంది, తర్వాత గంప.
"కీరై... ములక్కీరై... పొన్నాంగణ్ణీ..."
మిషను తొక్కడం ఆపి మెట్లు దిగుతాను.
ఆవిడ పిడికెడు తోటకూర తీసిస్తుంది.
కట్ట కాదు, పిడికెడు.
పదకొండేళ్ళుగా అదే.

ఆకు మానెయ్యమనలేదు డాక్టరు తిలోత్తమ.
"రోజూ ఎంత తింటారో అంతే తినండి,
మాత్రని దానికి సర్దుతాను" అంది.
నాకు వెంటనే అర్థమైంది.
ఒంటి కొలతకి జాకెట్టు కోస్తాం గాని
జాకెట్టు కొలతకి ఒంటిని కోయం కదా.
(నన్నొకసారి కోశారులెండి, అది వేరే సంగతి.)

మంగళవారం పొద్దున, కాఫీకి ముందు
చెయ్యి వేణ్ణీళ్ళలో ముంచి, తుడిచి, కిందికి వేలాడేసి
ఉంగరపు వేలి పక్కన పొడుచుకుంటాను.
ఎడమ బొటనవేలు పనికిరాదు,
ముప్పయ్యేళ్ళ సూదిపోట్లకి కాయ కాచింది.
పగడపు పూసంత చుక్క.
పట్టీ దాన్ని గుటుక్కున తాగేస్తుంది.
ఒక్కో పట్టీ రెండు జాకెట్ల కుట్టుకూలి.
మొదట్లో చుక్క చాలక మూడు పాడుచేశాను,
ఆరు జాకెట్లు పోయాయి, అంకె రాలేదు.

రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి నెత్తురు.
దిగితే లోపలి లోహపు తలుపు దగ్గర గడ్డకడుతుందట,
ఎక్కితే ఎక్కడ కారుతుందో చెప్పలేమట.
దారం బిగువు లాంటిదే,
లాగితే ముడత, వదిలితే జారుడు.
బాకీల పుస్తకంలోనే రాసుకుంటాను:
సరోజిని, పఫ్ చేతులు, నూట యాభై.
నేను, రెండు పాయింట్ తొమ్మిది.

కార్తీకంలో వాన పట్టుకుంది.
పన్నెండు రోజులు సందులో మోకాలిలోతు నీళ్ళు.
అంజలై లేదు. పచ్చడీ అప్పడమూ తిన్నాను.
మొదటి మంగళవారం మూడు పాయింట్ నాలుగు.
రెండో మంగళవారం నాలుగు పాయింట్ ఆరు,
బ్రష్షు మీద లేత గులాబీ రంగు.
"ఈ రాత్రి మాత్ర ఆపండి, ఎల్లుండి మళ్ళీ చూడండి"
ఫోన్లో డాక్టరమ్మ గొంతు నింపాదిగానే ఉంది.
మూత తియ్యని డబ్బీని తలగడ పక్కన పెట్టుకున్నాను.
కరెంటు లేదు. ఫ్యాను ఆగిపోయి
నా ఛాతీలో టిక్కు టిక్కు గదంతా వినపడింది.
కొలతలకొచ్చిన పిల్లలు అడుగుతుంటారు,
"అక్కా, గడియారం ఎక్కడ పెట్టావు?"

నీళ్ళు దిగాక అదే కేక వినిపించింది, గొంతు వేరు.
కోడలు శెల్వి. అత్త బురదలో జారి
కుడి మణికట్టు విరగ్గొట్టుకుందట.
తోటకూర చేతిలో పెట్టింది.
ఎంతని చూడలేదు నేను. ఎవరు చూస్తారు?
అన్నాళ్ళకి దొరికిన ఆకు, వెల్లుల్లి వేసి వేయించుకుంటే
చిన్న గిన్నెడన్నం సరిపోలేదు.

మూడు వారాలకి రెండు పాయింట్ ఒకటి.

ఆ అంకెకేసి చాలాసేపు చూశాను.
మాత్ర అదే. వేళ అదే. జ్వరం లేదు, కొత్త మందు లేదు.
మారింది పిడికిలి.
శెల్వివి పొడుగు వేళ్ళు, ధారాళమైన చెయ్యి.
ఆ సంగతి నా కళ్ళకి తెలియలేదు,
నెత్తురుకి తెలిసింది.

డాక్టరమ్మ విని నవ్వింది, మాత్రలో సగం పెంచింది.
ఆదివారం వ్యాసర్‌పాడి వెళ్ళాను.
లైనింగు ముక్కలతో, మెడకి తగిలించే సంచీ ఒకటి కుట్టి
కట్టుకట్టిన చేతికి తొడిగాను.
మంచి చెయ్యి చాపమన్నాను.
"పిడికిలి పట్టు."
పట్టింది.
టేపు చుట్టాను. ఎడమది కాస్త చిన్నదేమో,
అయినా రాసుకున్నాను, ఏడున్నర అంగుళాలు.

"ఎందుకమ్మా," అంది అంజలై,
"గాజులు కొంటావా?"